40 సెకన్లు రావాల్సిన చోట 38 వస్తే

(పాఠకుల సైన్సు ప్రశ్నలకు ఒక రిటైర్డ్ ఫిజికల్ సైన్స్ టీచర్ జవాబులు)

ప్రశ్న: మేడమ్, నమస్తే. దేవరకొండ దగ్గర ఒక హైస్కూల్లో ఈ మధ్యే ఫిజికల్ సైన్స్ టీచర్‌గా చేరాను. తొమ్మిదో తరగతిలో 42 మంది ఉన్నారు. ల్యాబ్ అంటే ఒక బీరువా. దాని తాళంచెవి బదిలీ మీద వెళ్లిన సార్ దగ్గరే ఉండిపోయింది. ప్రయోగం పెడితే పిల్లల గోలతోనే పీరియడ్ అయిపోతోంది, సిలబస్ వెనకబడుతోంది. స్లిప్ టెస్టుల టెన్షన్ వేరే. ఉన్నమాట చెప్పండి. ప్రయోగాలు చేయిస్తే పిల్లలకు నిజంగా సైన్సు వస్తుందా? లేక చేయించామన్న తృప్తి మనకు మిగులుతుందా?
– ఒక ఉపాధ్యాయుడు, దేవరకొండ

జవాబు: తమ్ముడూ, చేయించినంత మాత్రాన వస్తుందని నేను అనను. నల్లగొండ జిల్లా పరిషత్ బడుల్లో 31 ఏళ్లు పనిచేశాను. మొదటి పన్నెండేళ్లు ప్రయోగాలు బాగానే చేయించాను. పిల్లలకు సైన్సు మాత్రం రాలేదు.

అప్పటి నా పద్ధతి చెబుతాను. ముందు బోర్డు మీద ఉద్దేశం, పరికరాలు, విధానం, చివరికి ఫలితం కూడా రాసేసేదాన్ని. ఆ తర్వాత ప్రయోగం. ఎవరికైనా రీడింగు తేడాగా వస్తే రబ్బరుతో చెరిపించి, రావాల్సిన అంకె వేయించేదాన్ని. రికార్డులు ముత్యాల్లా ఉండేవి. తనిఖీకి వచ్చినవాళ్లు మెచ్చుకుని వెళ్లేవాళ్లు. పిల్లలు మాత్రం నేర్చుకున్నది ఒక్కటే: తమ కళ్లతో చూసినదాని కంటే టీచర్ దగ్గరున్న అంకె గొప్పదని. అలా నేర్పినందుకు ఇప్పటికీ బాధపడతాను.

ఆ అలవాటు మాన్పించింది ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి. ఆ రోజు లోలకం ప్రయోగం. సైకిల్ షాపులో అడిగి తెచ్చిన పాత నట్లు, పురికొస తాడు, కిటికీ చువ్వలు, ఇంతే సామగ్రి. పొడవు ఒక మీటరు పెట్టుకుని, 20 డోలనాలకు (అటు వెళ్లి ఇటు తిరిగొస్తే ఒకటి) ఎంత సమయం పడుతుందో చూడాలి. దాదాపు 40 సెకన్లు రావాలి. ఆరు గుంపుల్లో అయిదింటికి ముప్పై తొమ్మిదిన్నర నుంచి నలభై ఒకటి దాకా వచ్చింది. తలుపు పక్క గుంపుకు 38.1 వచ్చింది. మళ్లీ చేశారు, 38. మూడోసారి 38.2. అలవాటుగా "చెరిపి 40 వేయండి" అన్నాను. ఆ అమ్మాయి లేచి, "టీచర్, మూడుసార్లు అదే వచ్చింది. మేం చెరపం" అంది. క్లాసులో ఎప్పుడూ నోరు విప్పని పిల్ల అది.

నాకు మాట తోచలేదు. "సరే, ఎందుకొచ్చిందో మీరే కనుక్కోండి" అన్నాను. తాడు కొలిచారు, సరిగ్గానే ఉంది. నట్టు మార్చారు, మళ్లీ 38. పక్క గుంపు కిటికీ దగ్గరికి వెళ్లి చేశారు, అదే 38. బెల్లు కొట్టారు. మర్నాడు ఇంటర్వెల్‌లో పక్క గుంపు కుర్రాడు వీళ్ల పక్కన నిలబడి తనూ పైకి లెక్కపెట్టాడు. అప్పుడు దొరికింది. చెయ్యి నట్టును వదలగానే వీళ్లు "ఒకటి" అంటున్నారు. వాడు "సున్నా" అంటున్నాడు. వీళ్లు ఇరవై అనేసరికి నట్టు ఊగింది 19 సార్లే. ఒక్కో ఊపుకు రెండు సెకన్లు, అందుకే సరిగ్గా రెండు సెకన్లు తక్కువ. ఆ అమ్మాయి 38ని చెరపలేదు. దాని కింద ఇలా రాసింది: "లెక్క ఒకటి నుంచి మొదలుపెట్టాం. అయినవి 19 డోలనాలు. 38.1ని 19తో భాగిస్తే 2 సెకన్లు. మా లోలకం సరైనదే." ఆ పేజీ జిరాక్స్ తీయించి దాచుకున్నాను.

మీరు అడిగిన సైన్సు ఆ మూడు నాలుగు వాక్యాల్లో ఉంది. తాడు కట్టడంలో, ఊపడంలో లేదు.

నా ఒక్కదాని అనుభవం కాదిది. ఇంగ్లండ్‌లో ఇయాన్ అబ్రహామ్స్, రాబిన్ మిల్లర్ అనే ఇద్దరు పరిశోధకులు 25 సైన్సు క్లాసులు దగ్గరుండి చూసి 2008లో ఒక వ్యాసం రాశారు. చెప్పిన పని పిల్లలు చేతులతో బాగానే చేస్తున్నారు, దాని వెనకున్న ఆలోచన దాకా మాత్రం చాలామంది వెళ్లడం లేదు అని తేల్చారు. చెయ్యి ఆడుతున్నా బుర్ర ఆడటం లేదన్నమాట. చదివినప్పుడు నా పన్నెండేళ్ల క్లాసులే కళ్ల ముందు కనిపించాయి.

కాబట్టి ప్రయోగాల సంఖ్య తగ్గించండి. ఏడాదికి ఎనిమిది చాలు. ఒక్కోటి రెండు పీరియడ్లు తింటే తిననివ్వండి. మొదలుపెట్టే ముందు ప్రతి పిల్లా తన ఊహను పెన్నుతో రాయాలి, పెన్సిల్‌తో వద్దు. ఇదే లోలకం తీసుకోండి. "నట్టు బరువు పెంచితే తొందరగా ఊగుతుందా?" అని అడగండి, సగం మందికి పైగా అవునంటారు. బరువు మార్చినా పొడవు అంతే ఉంటే కాలం మారదు. తర్వాత తాడును పావు వంతుకు, అంటే 25 సెంటీమీటర్లకు తగ్గించమనండి. కాలం కూడా పావు వంతై 10 సెకన్లు వస్తుందని రాస్తారు. వచ్చేది 20. ఊహ పది, కొలత ఇరవై. ఆ రెండు అంకెలూ పక్కపక్కన చూసిన పిల్లాడికి లోలకం సూత్రంలో పొడవుకు వర్గమూలం ఎందుకు ఉందో (పావుకు వర్గమూలం సగం) మీరు ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు. పొడవు మాత్రం ముడి దగ్గరికి కాకుండా నట్టు మధ్యకు కొలవాలి. అది కూడా ముందే చెప్పకండి, తేడా వచ్చినప్పుడు వెతుక్కోనివ్వండి.

టైము ఎక్కణ్నుంచి వస్తుందంటారా? నోట్స్ చెప్పి రాయించడం మానేయండి. నేను మానేశాక వారానికి రెండు పీరియడ్లు మిగిలాయి. స్లిప్ టెస్టులో నిర్వచనాలకు బదులు అయిదు రీడింగుల పట్టిక ఇచ్చి, అందులో ఒకటి తేడాగా పెట్టి, "ఇక్కడ ఏం జరిగి ఉండొచ్చు?" అని అడగండి. మధ్యప్రదేశ్‌లో హోషంగాబాద్ సైన్సు బోధన కార్యక్రమం 1972లో 16 బడుల్లో మొదలై 2002 దాకా నడిచింది. అక్కడ పిల్లలు పరీక్షకు పుస్తకం తెచ్చుకోవచ్చు, ప్రయోగం చేసి చూపించే పరీక్ష కూడా ఉండేది. ప్రశ్న మారితేనే చదువు మారుతుందని వాళ్లకు అర్థమైంది.

బీరువా సంగతి: పాత సార్‌కు ఫోన్ చేసి తాళంచెవి తెప్పించండి. హెచ్‌ఎం గారి ఎదుట తెరిచి, స్టాక్ రిజిస్టర్‌తో సరిచూసుకోండి. లేబుల్ ఊడిన సీసాలు, పాత ఆమ్లాలు ఉంటే పిల్లల్ని ఆ దరిదాపులకు రానివ్వకండి.

ప్రశ్న: టీచర్, నేను నాగర్‌కర్నూల్ దగ్గర పదో తరగతి చదువుతున్నా. సంక్రాంతి సెలవుల తర్వాత ప్రాజెక్టు కోసం ఇంటి డాబా మీద మీటరు కట్టె నిలబెట్టి, పది నిమిషాలకోసారి నీడ కొలిచిన. 12 గంటలకు నీడ 76 సెంటీమీటర్లు ఉంది. 12.30కి 74న్నర. ఆ తర్వాత మళ్లీ పెరిగింది. మధ్యాహ్నం 12కే నీడ అన్నిటికంటే చిన్నగా ఉండాలని, నేను సరిగ్గా కొలవలేదని మా సార్ మార్కులు తగ్గించిన్రు. నేను రెండు రోజులు చేసిన, రెండుసార్లూ అట్లనే వచ్చింది. తప్పు నాదేనా?
– ఒక విద్యార్థిని

జవాబు: బిడ్డా, నీ కొలత సరైనది. ఎందుకు సరైనదో నీ అంకెలతోనే చూపిస్తాను.

మన గోడ గడియారం నాగర్‌కర్నూల్ సూర్యుణ్ని చూసి తిరగదు. దేశమంతటికీ ఒకే సమయం ఉండాలని 82న్నర డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని ప్రమాణంగా పెట్టుకున్నాం. ఆ రేఖ ఉత్తరప్రదేశ్‌లో మిర్జాపూర్ దగ్గర, మన వైపు కాకినాడ దగ్గర పోతుంది. నాగర్‌కర్నూల్ ఉన్నది 78.3 డిగ్రీల దగ్గర, అంటే నాలుగు డిగ్రీలకు పైగా పడమరన. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. కాబట్టి సూర్యుడు ఆ రేఖను దాటిన సుమారు 17 నిమిషాలకు మీ ఊరిని దాటుతాడు.

మరి నీకు అరగంట తేడా ఎందుకొచ్చింది? ఇంకో కారణం ఉంది. భూమి సూర్యుడి చుట్టూ తిరిగే దారి నిండు గుండ్రం కాదు, పైగా భూమి అక్షం 23న్నర డిగ్రీలు ఒరిగి ఉంది. ఈ రెండింటి వల్ల సూర్యుడు కొన్ని నెలల్లో గడియారం కంటే ముందు, కొన్ని నెలల్లో వెనక నడుస్తాడు. జనవరి 20 ప్రాంతంలో సుమారు 11 నిమిషాలు వెనక. 17కు 11 కలుపు, 28 వస్తుంది. అంటే మీ ఊళ్లో ఆ రోజుల్లో అసలైన మిట్టమధ్యాహ్నం 12 గంటల 28 నిమిషాలకు. నువ్వు పది నిమిషాలకోసారి కొలిచావు కాబట్టి 12.30 దగ్గర దొరికింది. ఇంతకంటే దగ్గరగా రావడం నీ పద్ధతిలో కుదరదు.

ఇంకా కచ్చితంగా తేల్చే దారి ఒకటుంది. నీడ అతి చిన్నగా ఉండే సమయంలో మార్పు మిల్లీమీటర్లలోనే ఉంటుంది, కంటికి ఆనదు. అందుకే కట్టె మొదలు కేంద్రంగా డాబా మీద సుద్దముక్కతో పెద్ద వృత్తం గియ్యి. పొద్దున నీడ కొస లోపలికి వస్తూ ఆ గీతను తాకిన సమయం రాసుకో. మధ్యాహ్నం దాటాక మళ్లీ బయటికి పోతూ తాకిన సమయం రాసుకో. రెండింటికీ సరిగ్గా మధ్య సమయమే నీ మధ్యాహ్నం. ఆ రెండు చోట్లనూ కలుపుతూ గీత గీస్తే తూర్పు పడమరలు కూడా దొరుకుతాయి. మన పాత గ్రంథాల్లో ఈ కట్టెను శంకువు అన్నారు, దిక్కులు తేల్చడానికి ఇదే పద్ధతి చెప్పారు. కట్టె నిటారుగా ఉందో లేదో దారానికి రాయి కట్టి సరిచూసుకో.

ఈ కాగితం మీ సార్‌కు చూపించు. "మీరు తప్పు" అని కాకుండా, "సార్, మనిద్దరం ఒకసారి బడి గ్రౌండ్‌లో చేద్దామా?" అని అడుగు. చాలామంది సార్లు పుస్తకంలో ఉన్నదే చెబుతారు. ఎండలో నిలబడి కొలిచే అవకాశం వాళ్లకూ ఎవరూ ఇచ్చి ఉండరు. మీ వైపు మే మొదటి వారం చివర, మళ్లీ ఆగస్టు మొదటి వారం చివర సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిలువు కట్టెకు నీడే పడదు. మేలో సెలవులు, ఆగస్టులో మబ్బులు. మబ్బు విడిస్తే ఆగస్టులో 12 గంటల 22 నిమిషాల ప్రాంతంలో బడి మొత్తాన్నీ గ్రౌండ్‌లోకి పిలిపించు. మార్కుల కోసం అంతగా బాధపడకు. రెండు రోజులు ఎండలో నిలబడి తెచ్చుకున్న పట్టిక నీ దగ్గర ఉంది, దాన్ని పోగొట్టుకోకు.

ప్రశ్న: టీచర్ గారూ, మా బాబు ఏడో తరగతి, ప్రైవేట్ స్కూలు. సైన్స్ ఫెయిర్‌కు ప్రాజెక్టు తెమ్మన్నారు. బుక్ షాపులో 650 రూపాయలు పెట్టి థర్మాకోల్ అగ్నిపర్వతం కొనిచ్చాను. ప్రైజు కూడా వచ్చింది. కానీ వాడికి దాని గురించి ఒక్క ముక్క తెలియదు. వచ్చే ఏడాది ఏం చేయించను? నేను ఇంటర్ వరకే చదివాను.
– ఒక తల్లి, జడ్చర్ల

జవాబు: ప్రైజు వచ్చినా మీకు తృప్తి కలగలేదు చూశారా, అమ్మా, అక్కడే మీరు సగం దారి వచ్చేశారు. మీ చదువు చాలు. మీ ఇంట్లో కనీసం మూడు రకాల నీళ్లు ఉంటాయి కదా: బోరు నీళ్లు, నల్లా నీళ్లు, వానాకాలంలో డాబా మీద పట్టిన నీళ్లు. తలస్నానం చేసిన రోజున బోరు నీళ్లకు సబ్బు నురగ రాదని, జుట్టు పీచులా అవుతుందని మీరు ఎన్నిసార్లు అనుకుని ఉంటారో. దాన్ని మీ బాబు చేత కొలిపించండి.

ఒకే రకం ఖాళీ సీసాలు మూడు. ఒక్కోదాంట్లో 100 మిల్లీలీటర్ల నీళ్లు. దగ్గు మందుకు ఇచ్చే చిన్న కప్పుతో కొలిచినా సరే. మామూలు ఒంటి సబ్బు తురిమి వాన నీళ్లలో కరిగించి, సిరంజితో ఒక్కో సీసాలో 5 మిల్లీలీటర్లు వేయాలి. బట్టల పౌడరు, షాంపూ వద్దు, అవి ఉప్పు నీళ్లలోనూ నురగ ఇస్తాయి. మూత పెట్టి ఒక్కో సీసాను సరిగ్గా పదిసార్లు ఊపి, బల్ల మీద పెట్టి, స్కేలుతో నురగ ఎత్తు కొలవాలి. ప్రతిదీ మూడుసార్లు చేయాలి. అంతకుముందే ఏది ఎక్కువ వస్తుందో వాడు రాసిపెట్టాలి.

బోరు నీళ్లలో నురగకు బదులు తెల్లటి తెట్టు కనబడుతుంది. నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బుతో కలిసి అలా విరిగిపోతాయి. ఇక్కడితో ఆపకండి. అదే బోరు నీటిని బాగా మరిగించి, చల్లార్చి, పైన తేరినవి తీసుకుని మళ్లీ చేయమనండి. నురగ పెరిగితే ఆ కాఠిన్యంలో కొంత మరిగిస్తే పోయే రకం. మీ గిన్నె అడుగున పేరుకునే తెల్లటి పొర అదే. పెరగకపోతే ఎందుకు పెరగలేదో వాణ్నే ఆలోచించనివ్వండి. మీరు జవాబు చెప్పకండి, తెలిసినా చెప్పకండి. ఫెయిర్‌కు సీసాలు, స్కేలు, చేతిరాతతో ఉన్న పట్టిక తీసుకెళ్తే చాలు. చుట్టూ రంగురంగుల మోడళ్లు ఉంటాయి, వాడు చిన్నబుచ్చుకోవచ్చు. ఆ రోజు మీరు పక్కన ఉండండి. చూసేవాళ్ల చేతికి ఒక సీసా ఇచ్చి "మీరు ఊపండి" అనమనండి.

ప్రశ్న: మునుగోడు దగ్గర మాది. ఫ్లోరైడ్‌తో మా పెద్దలు ఎంత అవస్థ పడ్డారో చెప్పనక్కర్లేదు. నల్లగొండ పేరుతో నీళ్లు శుద్ధి చేసే పద్ధతి ఒకటుందట. మా ఊరి పిల్లలకు ప్రయోగంగా చూపించొచ్చా?
– ఒక యువజన సంఘం సభ్యుడు

జవాబు: ఉంది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు 1970ల్లో తయారుచేసిన పద్ధతి, పేరే నల్లగొండ పద్ధతి. ఫ్లోరైడ్ నీళ్లలో సున్నం, పటిక, క్రిములు చావడానికి కాస్త బ్లీచింగ్ పౌడరు కలుపుతారు. పటిక నుంచి అల్యూమినియం హైడ్రాక్సైడ్ దూదిపింజల్లా ఏర్పడి, ఫ్లోరైడ్‌ను తనకు అంటించుకుని అడుక్కి దిగుతుంది. ఆఫ్రికాలో టాంజానియా, కెన్యాల్లో కూడా ఈ పేరుతోనే వాడి చూశారు. నడుములు వంగిన తాతలను చూసి పెరిగిన పిల్లలకు తమ జిల్లా పేరు ప్రపంచంలో ఇలా కూడా తెలుసని చెప్పాలి. తప్పకుండా చెప్పండి.

కానీ ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నీళ్లు తేటగా కనబడినంత మాత్రాన అది పోయినట్టు కాదు. మరిగించినా పోదు. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేనప్పుడు ఒకటిన్నర దాకా పరవాలేదని మన ప్రమాణం. ఆ అంకె కంటితో తేలదు, ల్యాబులో పరీక్ష చేయించాల్సిందే. కాబట్టి పిల్లలు శుద్ధి చేసిన నీళ్లను ఎవరూ తాగకూడదు.

చూపించదగ్గది పటిక పని. చెరువు నుంచి బురద నీళ్లు తెచ్చి, అయిదు గాజు గ్లాసుల్లో పావు లీటరు చొప్పున పోయండి. 5 గ్రాముల పటిక పొడి అర లీటరు నీళ్లలో కరిగించి, సిరంజితో మొదటి గ్లాసుకు ఏమీ వేయకుండా, మిగతా వాటికి 1, 2, 4, 8 మిల్లీలీటర్లు వేయండి. ఒక నిమిషం గబగబా, పది నిమిషాలు నెమ్మదిగా కలిపి అరగంట వదిలేయండి. ఆ అరగంట పిల్లల్ని కదలనివ్వకండి. ముందు నీళ్లు పాలు విరిగినట్టు పొడిపొడిగా అవుతాయి, తర్వాత ఆ పొడులు ఒకదానికొకటి అంటుకుని బరువెక్కి జారతాయి. గ్లాసు వెనక వార్తాపత్రిక పెట్టి, ఎన్నో గ్లాసులోంచి అక్షరాలు చదవగలుగుతున్నారో రాయించండి. అన్నిటికంటే ఎక్కువ పటిక వేసిందే అన్నిటికంటే తేటగా ఉంటుందని అనుకుంటారు. అలాగే రావాలని లేదు. నీటి శుద్ధి కేంద్రాల్లో ఇంజినీర్లు పటిక మోతాదు తేల్చేది ఈ పరీక్షతోనే, వాళ్లు జార్ టెస్టు అంటారు. మీ ఊళ్లో అవ్వలెవరైనా చిల్లగింజ అరగదీసి కుండలో కలిపేవాళ్లు ఉంటే ఆరో గ్లాసు ఆమె చేత పెట్టించండి. పటికతో పోల్చి చూసే అవకాశం పిల్లలకు మళ్లీ దొరకదు.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో 3,000 రూపాయలకు సైన్స్ కిట్ ఉంది. ఆరో తరగతి పాపకు కొనొచ్చా?
– ఒక తండ్రి, వనపర్తి

జవాబు: ఇప్పుడే వద్దు. కిట్‌లో ఏం చేయాలో, ఏం రావాలో అన్నీ రాసే ఉంటాయి. టైలర్ల దగ్గరుండే టేపు, సూది తీసిన సిరంజిలు, ఒక భూతద్దం, ఒక ధర్మామీటరు, మంచి దారం ఉండ, 200 పేజీల గీతల నోట్‌బుక్ కొనివ్వండి. స్టాప్‌వాచ్ మీ ఫోన్‌లో ఉంది. సెలవు రోజున మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి తీసుకెళ్లండి. ఆ మర్రి మూడెకరాల్లో పరుచుకుంది. 2018లో దానికి చెదలు పడితే, సెలైన్ సీసాల్లో మందు కలిపి కొమ్మలకు చుక్కచుక్కగా ఎక్కించారు. మనిషికి పెట్టినట్టు చెట్టుకు సెలైన్ ఎందుకు పెట్టారో, పైనుంచి పిచికారీ ఎందుకు చేయలేదో పాపను అడగండి. ఇంటికొచ్చాక ఆమె నోట్‌బుక్‌లో ఒక ప్రశ్న రాసుకుంటే, ఆ ప్రశ్నకు కావాల్సిన సామాను అప్పుడు కొందురు గాని.